చెన్నైలో పాత కారు తుప్పు: ఇంటి దగ్గరే బాగుచేసుకునే పద్ధతి

పాత ఫియట్‌కో అంబాసిడర్‌కో డోర్ కింది అంచున పెయింటు పొంగుతుంది. టింకర్ (కారు రేకు పని చేసేవాడు) దగ్గరికి తీసుకెళ్తే గీకి, పుట్టీ పెట్టి, రంగు కొట్టి ఇస్తాడు. దీపావళికి కారు మెరిసిపోతుంది. ఉగాది నాటికి అదే చోట, ఈసారి ఇంకాస్త పెద్దగా, పొక్కు లేస్తుంది. మనం రంగును తిడతాం, లేకపోతే టింకర్‌ని తిడతాం. నిజానికి అక్కడ మిగిలిపోయినవి రెండు: రేకు గుంతల్లో ఉప్పు, లోపలికి నీళ్లు వచ్చే దారి. చెన్నైలో తుప్పు పని అంటే ముందు ఈ రెండిటి సంగతి చూడటమే. వెల్డింగ్, రంగు ఆ తర్వాత.

ఇనుము తుప్పు పట్టడానికి వానే పడక్కర్లేదు. గాలిలో తేమ 60 శాతం దాటితే చాలు, కంటికి కనిపించని నీటి పొర రేకు మీద ఏర్పడుతుంది. ఉప్పు ఉంటే అంత తేమ కూడా అవసరం లేదు, అదే గాలిలోని తడిని లాక్కుంటుంది. పైగా తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే పెయింటును కింది నుంచి పైకి ఎత్తేస్తుంది. పొక్కు రూపాయి బిళ్లంత కనిపిస్తే కింద అరచేతంత పాడైందనుకుని పనిలోకి దిగండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ఫిబ్రవరి, మార్చి నెలలు మంచివి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో బాడీ విప్పి కూర్చుంటే గీకిన రేకు మీద గంటల్లోనే నారింజ రంగు పొర వచ్చేస్తుంది. ఎండాకాలంలోనూ సమయం చూసుకోవాలి. తెల్లవారుజామున తేమ ఎక్కువ. పొద్దెక్కేకొద్దీ తగ్గుతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిందంటే తేమ, ఉప్పు రెండూ మళ్లీ వస్తాయి. అడయారు, తిరువాన్మియూరు వైపు ఉండేవాళ్లకు ఇది బాగా తెలుస్తుంది. ప్రైమర్ కొట్టే పని పొద్దున తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య పెట్టుకోండి.

2015 డిసెంబరు వరదలోనో, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను నీళ్లలోనో నానిన కారైతే, సిల్‌ల (డోర్ల కింద పొడవునా ఉండే డొల్ల భాగాల) లోపల, చాసిస్‌లో డబ్బాల్లా మూసి ఉండే బాక్స్ భాగాల లోపల బురద గడ్డకట్టి ఉంటుంది. బయట నుంచి ఎంత అందంగా ఉన్నా దాన్ని అనుమానించండి.

ఎక్కడెక్కడ వెతకాలి

ఒక స్క్రూడ్రైవర్, చిన్న సుత్తి, ఫ్రిజ్ మీద అతికించే పల్చటి అయస్కాంతం, టార్చ్ చాలు. సీట్లు, మ్యాట్లు, కింద ఉన్న జనపనార లేదా ఫెల్ట్ అన్నీ తీసేయండి. అయస్కాంతం పట్టుకోని చోట కింద పుట్టీ ఉందని అర్థం. సుత్తితో మెల్లగా తడుతూ వెళ్తే మంచి రేకు ఖంగుమంటుంది, పాడైన రేకు మొద్దుగా పలుకుతుంది. అలా పలికిన చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కండి. టింకర్ పక్కనుంటే "అలా పొడవొద్దు సార్, చిల్లు పడుతుంది" అంటాడు. పడనివ్వండి, ఇప్పుడు పడే చిల్లు ఎలాగూ ఉన్నదే.

పద్మిని (పాత ఫియట్), అంబాసిడర్‌లలో ముందు చూడాల్సినవి డోర్ల కింద పొడవునా ఉండే సిల్, జాకీ పెట్టే చోట్లు, వెనక లీఫ్ స్ప్రింగులు బాడీకి బిగిసే చోట. తర్వాత కాళ్ల కింది ఫ్లోర్, బ్యాటరీ ట్రే, డోర్ల అడుగు, ముందు మడ్‌గార్డ్ వెనక మట్టి పేరుకునే మూల, డిక్కీలో స్టెప్నీ కూర్చునే గుంత, ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ కింద. ఈ రెండు కార్లూ, మారుతి 800 కూడా మోనోకాక్‌లు. అంటే విడిగా చాసిస్ లేదు, రేకు డబ్బాయే బరువు మోస్తుంది. సిల్ డొల్లైతే బండి నడుము విరిగినట్టే. మన వండలూరు దగ్గర తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కథ వేరు. దానికి విడి చాసిస్ ఉంటుంది, బాడీ భాగాలు బోల్టులతో బిగుస్తాయి, కాబట్టి పెద్ద పెద్ద ముక్కలు విప్పి బయటపెట్టి పని చేసుకోవచ్చు. కానీ దాని చాసిస్‌నూ ఇంతే శ్రద్ధగా పొడిచి చూడాలి.

చూసినదాన్ని మూడు రకాలుగా గుర్తుపెట్టుకోండి. పైపైన గోధుమ పొర ఉండి కింద రేకు నున్నగా ఉంటే గీకి ప్రైమర్ కొట్టవచ్చు. గుంతలు పడి, రేకు మందం మిగిలి ఉంటే కడిగి, యాసిడ్ వేసి, ఎపాక్సీ ప్రైమర్ కొట్టాలి. చిల్లు పడినా, వేలితో నొక్కితే వంగినా కోసి కొత్త రేకు వేయాల్సిందే. మూడో రకం చోటు బరువు మోసే భాగమైతే ఫైబర్ గ్లాస్, పుట్టీ, అల్యూమినియం రేకు, రివెట్లు అన్న మాటే వద్దు.

ఇదే సమయంలో నీళ్ల దారి కూడా కనిపెట్టండి. ఒకరు లోపల టార్చ్‌తో కూర్చోవాలి, ఇంకొకరు పైపుతో అద్దం చుట్టూ, డోర్ల మీద సన్నగా నీళ్లు వదలాలి. పాత బీడింగ్ ఎండి పగిలి ఉంటే నీళ్లు డాష్‌బోర్డ్ వెనక నుంచి కాళ్ల దగ్గరికి దిగుతాయి. డోర్ల అడుగున, సిల్‌ల కింద చిన్న డ్రైన్ రంధ్రాలుంటాయి. పాత అండర్‌కోటింగ్ తారు వాటిని మూసేసి ఉంటుంది. అవి తెరవకుండా చేసిన ఏ పనీ నిలవదు.

కోసే ముందు

బండిని నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టండి. జాకీ మీద వదిలేసి కింద దూరడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. సిల్ కోసేటప్పుడు స్టాండ్లు ఇరుసుల కింద ఉండాలి, అప్పుడు బరువు రోజూ మోసినట్టే పడుతుంది. డోర్ చుట్టూ ఉన్న సందును స్కేలుతో కొలిచి రాసుకోండి. డోర్ తీసే పనైతే ఆ ఖాళీలో అడ్డంగా ఇనుప పైపు తాత్కాలికంగా వెల్డ్ చేయండి. రెండు వైపులా ఒకేసారి కోయొద్దు. ఒక వైపు పూర్తయి, డోర్ సరిగ్గా మూసుకుంటోందని చూశాకే రెండో వైపు. ఈ నియమం పట్టించుకోని కార్లు బయటికి బాగానే ఉంటాయి గానీ డోర్ వేసిన ప్రతిసారీ పైకి ఎత్తి నెట్టాల్సి వస్తుంది.

బ్యాటరీ తీగలు, ఆల్టర్నేటర్ తీగలు విప్పండి. పెట్రోల్ ట్యాంకు దించి, దూరంగా పెట్టండి. ట్యాంకు ఖాళీ చేశాం కదా అనుకోవద్దు, ఖాళీ ట్యాంకులో ఆవిరి ఉంటుంది, నిండు ట్యాంకు కంటే అదే ప్రమాదం. వెల్డింగ్ చోటికి అవతలి వైపు తారు, రబ్బరు, ఫెల్ట్ లేకుండా గీకాలి. పొడి రసాయనం నింపిన మంటలార్పే సిలిండర్ ఒకటి, ఒక బక్కెట్ నీళ్లు పక్కనుండాలి. పని ఆపిన తర్వాత అరగంట అక్కడే ఉండి చూడండి. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో వెల్డింగ్ పెట్టుకోవద్దు, అసోసియేషన్ వాళ్లు ఒప్పుకున్నా సరే, పక్క స్కూటర్ల ట్యాంకులు మన చేతిలో లేవు. గీకడం, కడగడం, ప్రైమర్ ఇంటి దగ్గర చేసుకుని, వెల్డింగ్‌కి మాత్రం షెడ్డుకు తీసుకెళ్లడం చాలామందికి కుదిరే పద్ధతి.

గీకడం

నాలుగు అంగుళాల గ్రైండర్, 40, 80 నంబర్ ఫ్లాప్ డిస్కులు (గరుకు కాగితం రేకుల్లా అమర్చిన బిళ్లలు), వైర్ కప్ బ్రష్, చేతికి ఇమిడే వైర్ బ్రష్‌లు తెచ్చుకోండి. ప్యారీస్ కార్నర్ దగ్గరి సెంబుదాస్ వీధిలో ఇవన్నీ ఒకే వరుసలో దొరుకుతాయి. డిస్క్ మీద రాసిన ఆర్‌పీఎం గ్రైండర్ ఆర్‌పీఎం కంటే తక్కువ ఉండకూడదు. గార్డు తీసేసి వాడే అలవాటు మన షెడ్లలో ఉంది, దాన్ని నేర్చుకోవద్దు. వైర్ బ్రష్ తీగలు తూటాల్లా ఎగురుతాయి, కాబట్టి కళ్లద్దాలతో పాటు మొహం మొత్తం కప్పే షీల్డ్ పెట్టుకోండి. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. గుడ్డ కట్టుకుంటే చాలదు, పార్టికల్ ఫిల్టర్ ఉన్న మాస్క్ కావాలి. పిల్లలు తిరిగే చోట ఆ దుమ్ము ఊడ్చకండి, తడిగుడ్డతో తీయండి.

వైర్ బ్రష్ ఒక మోసం చేస్తుంది. గుంతల్లోని తుప్పును తీయకుండా దాన్నే నున్నగా మెరిపిస్తుంది. నల్లగా, ఉక్కు రంగులో మెరుస్తుంటే పని అయిపోయిందనుకుంటాం. భూతద్దంతో చూస్తే గుంతల అడుగున నల్ల మచ్చలు కనిపిస్తాయి. ఫ్లాప్ డిస్క్‌తో ఆ మచ్చలు పోయేదాకా వెళ్తే రేకు కాగితంలా మిగులుతుంది. అక్కడ ఆగి, మిగిలినది రసాయనానికి వదలాలి. శాండ్ బ్లాస్టింగ్ గుంతలను బాగా శుభ్రం చేస్తుంది. అంబత్తూరు, గిండీ పారిశ్రామిక వాడల వైపు చేసేవాళ్లుంటారు. చాసిస్ భాగాలకు, సస్పెన్షన్ ముక్కలకు అది బాగుంటుంది. బానెట్, రూఫ్ లాంటి వెడల్పు రేకులను మాత్రం ఇవ్వకండి, ఎక్కువ ప్రెషర్‌కు అలల్లా వంకర పోతాయి, మళ్లీ ఎవరూ సరిచేయలేరు.

కడగడం, అసలు పని

ఈ అంచెను దాదాపు అందరూ వదిలేస్తారు. గీకిన వెంటనే థిన్నర్‌తో తుడిచి ప్రైమర్ కొట్టేస్తారు. థిన్నర్ జిడ్డును తీస్తుంది, ఉప్పును తీయదు. ఉప్పు కరిగేది నీళ్లలోనే.

అయితే ఏ నీళ్లు? చెన్నై తీరం వెంట చాలా బోర్లలో నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో రేకు కడిగితే ఉన్న ఉప్పు మీద కొత్త ఉప్పు పోసినట్టే. తాగడానికి తెప్పించుకునే 20 లీటర్ల క్యాన్ నీళ్లు వాడండి. తుప్పుకు తాగే నీళ్లా అని ఇంట్లో అడుగుతారు. ఒక ఫ్లోర్‌కు రెండు క్యాన్లు చాలు, కొత్త రేకు ధరతో పోలిస్తే అది లెక్కలోకే రాదు.

మొదట గోరువెచ్చటి నీళ్లలో కాస్త డిటర్జెంట్ కలిపి, నైలాన్ బ్రష్‌తో గుంతలను గట్టిగా రుద్దండి. క్యాన్ నీళ్లతో జాడించండి. హెయిర్ డ్రయ్యర్‌తోనో బ్లోయర్‌తోనో ఆరబెట్టండి. మళ్లీ తడిపి, మళ్లీ రుద్ది, మళ్లీ ఆరబెట్టండి. ఇలా తడిసి ఆరుతూ ఉంటేనే గుంతల అడుగున దాక్కున్న ఉప్పు బయటికి వస్తుంది. మధ్యలో నారింజ పొర వస్తే కంగారు పడొద్దు, తర్వాత యాసిడ్‌తో పోతుంది.

ఉప్పు పోయిందో లేదో తెలుసుకోవడానికి వాటర్ ప్యూరిఫయర్ వాళ్లు చూపించే టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) పనికొస్తుంది. క్యాన్ నీళ్లను ముందు కొలిచి అంకె రాసుకోండి. డిటర్జెంట్ పూర్తిగా పోయాక, శుభ్రమైన స్పాంజిని ఆ నీళ్లలో ముంచి, రేకు మీద కొద్దిసేపు అద్ది పట్టి, గిన్నెలోకి పిండి కొలవండి. రెండు అంకెలూ దాదాపు ఒకటేనా, సరే. బాగా ఎక్కువ చూపిస్తే ఇంకో విడత. మీటర్ లేకపోతే కడిగిన రేకును ఒక రాత్రి అలాగే వదిలేయండి. పల్చగా అంతటా తుప్పు రావడం మామూలే. గుంతల్లో మాత్రమే చుక్కలు చుక్కలుగా నల్లటి తడి మచ్చలు కనిపిస్తే అక్కడ ఉప్పు ఇంకా ఉంది.

తర్వాత ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్. అది తుప్పును ఇనుప ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. డబ్బా మీద చెప్పినంత నీళ్లు కలిపి, బ్రష్‌తో పూసి, ఆరిపోకుండా తడిగా ఉంచుతూ మచ్చలు కరిగేదాకా రుద్దండి. చేతికి రబ్బరు గ్లవుజులు, కళ్లద్దాలు తప్పనిసరి. బాత్రూమ్ యాసిడ్ మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. అది హైడ్రోక్లోరిక్, అంటే మనం ఇంతసేపూ తీసేసిన క్లోరైడ్‌నే మళ్లీ పోస్తుంది. టానిక్ యాసిడ్‌తో చేసే కన్వర్టర్లు కూడా దొరుకుతాయి, తుప్పును నల్లగా మారుస్తాయి. చేయి దూరని మూలల్లో వాటిని వాడవచ్చు. కళ్లెదుట ఉన్న రేకు మీద వాటిని నమ్ముకోవడం నాకు ఇష్టముండదు.

యాసిడ్ తడి రేకు మీద మిగిలితే ఎపాక్సీ ప్రైమర్ పట్టదు. మళ్లీ క్యాన్ నీళ్లతో కడిగి, వెంటనే వేడి గాలితో ఆరబెట్టి, థిన్నర్ తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిచి, అదే పూట ప్రైమర్ కొట్టేయండి. రేపటికి అని వదిలేశారా, మళ్లీ మొదటికే.

బోల్టులు, బ్రాకెట్లు, డోర్ కీళ్ల లాంటి చిన్న ముక్కలకు ఇంత శ్రమ అక్కర్లేదు. పశువుల దాణా దుకాణాల్లో దొరికే మొలాసిస్ (చెరకు మడ్డి) ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, డ్రమ్ములో వారం రెండు వారాలు నానబెట్టండి. కంపు కొడుతుంది, మేడ మీద పెట్టుకోండి. అల్యూమినియం ముక్కలు అందులో వేయొద్దు, తినేస్తుంది. తొందరగా కావాలంటే చాకలి సోడా కలిపిన నీళ్లు, బ్యాటరీ ఛార్జర్: ముక్కను మైనస్‌కు, పనికిరాని ఇనుప పట్టీని ప్లస్‌కు కలపాలి. స్టెయిన్‌లెస్ స్టీలు ప్లస్‌కు పెడితే విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. ఉప్పు కలిపితే క్లోరిన్ వస్తుంది. హైడ్రోజన్ ఎలాగూ వస్తుంది కాబట్టి గాలి ఆడే చోటే పెట్టాలి, నిప్పు దగ్గర ఉండకూడదు. స్ప్రింగులు, గట్టి ఉక్కు బోల్టులు ఇలా చేస్తే పెళుసుబారతాయి.

కొత్త రేకు

పుదుపేటలో పాత కార్ల మడ్‌గార్డ్‌లు, డోర్లు, అప్పుడప్పుడు ఫ్లోర్ ముక్కలు దొరుకుతాయి. వంపు ఎక్కువున్న భాగాలకు అవే నయం. ఆ ముక్కలను కూడా అయస్కాంతంతో చూసే కొనండి. సమతలంగా ఉన్న చోటికి మీరే రేకు కత్తిరించుకోవచ్చు. బాడీకి 20 గేజ్, అంటే సుమారు 0.9 మిల్లీమీటర్లు, ఫ్లోర్‌కు, సిల్ లోపలి భాగాలకు 18 గేజ్, అంటే సుమారు 1.2. పాత రేకును మైక్రోమీటర్‌తో కొలిచి సరిపోయేది తీసుకోండి. సీఆర్ (కోల్డ్ రోల్డ్, పూత లేని) రేకు అడగండి. జీఐ (జింకు పూత పూసిన) రేకు తుప్పు పట్టదని దుకాణంలో అంటగడతారు. దాన్ని వెల్డ్ చేస్తే జింకు పొగ వస్తుంది, పీలిస్తే సాయంత్రానికి చలి జ్వరం. రేకును మడతలు పెట్టించడానికి అంబత్తూరులో బెండింగ్ షాపులున్నాయి.

పాడైన చోటును మంచి రేకు తగిలేదాకా, దాటి ఇంకో అంగుళం దాకా కోయండి. అట్ట మీద ఆకారం గీసుకుని, దాన్ని బట్టి రేకు కత్తిరించండి. మూలలు గుండ్రంగా ఉండాలి, పదునైన మూల దగ్గర ఒత్తిడి చేరి పగులు మొదలవుతుంది. అంచుకు అంచు కలిపి సుమారు ఒక మిల్లీమీటరు సందుతో పెట్టడం మేలు. ఒకదానిపై ఒకటి వేస్తే పని తేలికే గానీ మధ్యలో నీళ్లు ఇరుక్కునే జేబు తయారవుతుంది. ఫ్లోర్‌లో తప్పక అలా వేయాల్సి వస్తే కలిసే ముఖాలకు ముందే జింకు వెల్డ్-త్రూ ప్రైమర్ (పైనుంచే వెల్డింగ్ చేయగలిగేది) కొట్టి, తర్వాత రెండు వైపులా సీలర్ పూయండి.

మామూలు రాడ్డు వెల్డింగ్ ఇంత పల్చటి రేకును చిల్లులు పెడుతుంది. గ్యాస్ వెల్డింగ్ వేడి దూరం పాకి రేకు వంకర తిరుగుతుంది. పాత టింకర్లలో గ్యాస్‌తోనే అద్భుతంగా అతికేవాళ్లున్నారు, అది చేతి పనితనం. కొత్తగా నేర్చుకునేవాళ్లకు 0.6 లేదా 0.8 మిల్లీమీటర్ల తీగతో మిగ్ వెల్డింగ్ (తీగ దానంతటదే వచ్చే కరెంటు వెల్డింగ్) మేలు. మొదట వ్యర్థపు రేకు మీద సాధన చేయండి. ఒక చుక్క ఇక్కడ, ఇంకో చుక్క అవతలి చివర, చేయి పెట్టగలిగేంత చల్లారాక మధ్యలో ఒకటి. పొడవుగా గీత లాగాలన్న తొందరే రేకును పాడుచేస్తుంది. చుక్కలన్నీ కలిశాక ఫ్లాప్ డిస్క్‌తో మెల్లగా చదును చేయండి. సూది బెజ్జాలు ఉన్నాయేమో వెనక టార్చ్ పెట్టి చూడండి.

ఇక్కడ కాగితాల మాట ఒకటి. చాసిస్ నంబర్ కొట్టిన రేకును కోయడం, గ్రైండ్ చేయడం చేయకండి. 15 ఏళ్లు దాటిన కారుకు అయిదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్‌కు వెళ్లినప్పుడు ఆ నంబరు చూస్తారు. రంగు మారిస్తే అది కూడా ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. 50 ఏళ్లు దాటిన కారును వింటేజ్‌గా నమోదు చేయించాలనుకుంటే 2021 నిబంధనల ప్రకారం బాడీ, చాసిస్ రూపం మారి ఉండకూడదు, కాబట్టి అతుకులు అసలు ఆకారంలోనే ఉండాలి, ముందూ తర్వాతా ఫొటోలు దాచుకోండి.

ప్రైమర్, పుట్టీ, రంగు

రేకు మీద నేరుగా పుట్టీ పెట్టే అలవాటు మానాలి. పాలియెస్టర్ పుట్టీ నీటిని పీలుస్తుంది. ముందు రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్, రెండు కోట్లు. అది ఆరి గట్టిపడ్డాక అతుకుల మీద నీళ్లు దూరకుండా పాలియురితేన్ సీమ్ సీలర్. ఆ తర్వాత, ఎపాక్సీని కాస్త గరుకు చేసి, అవసరమైన చోటే పుట్టీ, రెండు మూడు మిల్లీమీటర్లకు మించకుండా. హార్డెనర్ రెండు శాతం చాలు. మన ఎండకు నాలుగైదు నిమిషాల్లో బిగుస్తుంది, కొద్దికొద్దిగా కలుపుకోండి. పుట్టీని పొడిగానే రుద్దండి. వాటర్ పేపర్‌తో తడిపి రుద్దితే ఆ నీళ్లన్నీ పుట్టీ తాగి, లోపలే దాచుకుంటుంది. తలుపులకు, గేట్లకు కొట్టే రెడ్ ఆక్సైడ్ ఇక్కడ పనికిరాదు.

పై రంగు స్ప్రే బూత్‌లో కొట్టించడమే మంచిది. టూ-కే రంగుల (హార్డెనర్ కలిపి కొట్టే రంగుల) హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, మామూలు మాస్క్ వాటిని ఆపదు, ఉబ్బసం తెప్పిస్తాయి. ఎపాక్సీతో మూసి, దుమ్ము పడకుండా కప్పి బూత్‌కు పంపించండి. కొన్ని రోజులు దాటితే పై కోటుకు ముందు ఎపాక్సీని మళ్లీ గరుకు చేయమని చెప్పండి.

లోపలి ఖాళీలు

సిల్ అంటే వెదురు బొంగు లాంటిది, లోపల డొల్ల. బయట ఎంత రంగు కొట్టినా వెల్డింగ్ వేడికి లోపలి వైపు పాత రంగు కాలిపోయి రేకు బట్టబయలుగా ఉంటుంది. తుప్పు అక్కడి నుంచే తిరిగి వస్తుంది. రంగు పూర్తయ్యాక పొడవాటి సన్న గొట్టం, చివర అన్ని వైపులకూ చిమ్మే నాజిల్ ఉన్న క్యావిటీ వ్యాక్స్ (డొల్ల భాగాల్లోకి చిమ్మే మైనం) తీసుకుని, సిల్‌లు, డోర్ల అడుగు, డిక్కీ మూలలు, బాక్స్ భాగాల్లోకి కొట్టండి. గొట్టాన్ని చివరిదాకా దూర్చి, నెమ్మదిగా వెనక్కి లాగుతూ కొట్టాలి. డ్రైన్ రంధ్రాల నుంచి వ్యాక్స్ కారడం మొదలైతే లోపలంతా చేరినట్టు. కారడం ఆగాక రంధ్రాలను తీగతో మళ్లీ తెరవండి.

వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోస్తే చాలని పెద్దవాళ్లు చెబుతారు. అందులో ఆమ్లాలుంటాయి, రబ్బరును ఉబ్బిస్తుంది, చర్మానికి మంచిది కాదు, పార్కింగ్ నేలంతా జిడ్డు. సర్వీసుకు ఇచ్చినప్పుడు "యాంటీ రస్ట్" అంటూ కింద కొట్టే నల్ల తారు సంగతి కూడా చెప్పాలి. శుభ్రమైన, ఎపాక్సీ పట్టిన రేకు మీదైతే అది రాళ్ల దెబ్బలు ఆపుతుంది. తుప్పు మీద కొడితే తడిని లోపల బిగించి పెట్టే మూత మాత్రమే.

కార్పెట్ వెంటనే పరచొద్దు. ఒక వాన పడనివ్వండి, లేదా పైపుతో మళ్లీ నీళ్లు వదిలి ఫ్లోర్ పొడిగా ఉందో లేదో చూడండి. పొడిగా ఉంటేనే కొత్త ఫెల్ట్ వేయండి, నీళ్లు పీల్చే జనపనార వద్దు. తర్వాత ప్రతి జనవరిలో, వానలు వెళ్లిపోగానే మ్యాట్లు ఎత్తి చూసి, డ్రైన్ రంధ్రాల్లో తీగ తిప్పి, వ్యాక్స్ ఎండిన చోట మళ్లీ కొట్టుకుంటే సరిపోతుంది.